మా హాస్టల్లో పుట్టిన ఏకశిల

అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్ నడపడం అంటే ఏమిటో తెలియనివాళ్లు నాకు సహనం గురించి చెప్పకండి. ఉప్మాలో ఉప్పు తక్కువైందని ఒకతె, గీజరు పనిచేయట్లేదని ఒకతె, ఫ్యాను కిర్రుమంటోందని ఒకతె. పొద్దున్న లేస్తే నా తలకాయ తినడానికి వంతులు వేసుకుని వస్తారు. మా ఆయన రామ్మోహనరావు గారు మాత్రం పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంటారు. భీమవరం నుంచి వచ్చి ఇన్నేళ్లయినా పై అంతస్తులో ఎంతమంది పిల్లలున్నారో ఆయనకు తెలియదు. అలాంటి ఇంట్లో, ఆ గోలలో, ఒక పిల్ల ఒంటి చేత్తో పాటల ఆల్బమ్ తయారుచేసి దేశాలు దాటించింది. హైమవతి హాస్టల్ అంటే సాంబారు ఒక్కటే అనుకునేవాళ్లు ఆ సంగతి వినాలి.

పేరు చంద్రిక. ముప్పై దాటింది. హుస్నాబాద్ దగ్గర పల్లెటూరు. మైత్రీవనం వెనక సందులో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో జావా పాఠాలు చెబుతుంది. అక్కడ క్లాసుకీ క్లాసుకీ మధ్య ఉండేది గోడ కాదు, ప్లైవుడ్ చెక్క. ఇటు జావా, అటు టెస్టింగ్, వెనకాల ఇంకేదో. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల పిల్లలకే పాఠం అర్థమవుతుంది. మైకు పెడితే పక్కవాళ్లు పోట్లాటకు వస్తారు. అలా రోజూ చెక్క గోడలను గెలిచి వచ్చే గొంతు చంద్రికది. హాస్టల్లో మాత్రం నోరు తెరవదు. పెట్టింది తింటుంది, ప్లేటు కడుగుతుంది, వెళ్లిపోతుంది. ఇలాంటివాళ్లు పదిమంది ఉంటే నాకు బీపీ మాత్రలు అక్కర్లేదనుకునేదాన్ని.

ఒకరోజు వచ్చి నిలబడింది.

“ఆంటీ, రెండో అంతస్తుల గా పరుపుల గది ఉన్నది గదా. ఆదివారం ఆదివారం జర నాకు ఇస్తరా?”

“ఎందుకే? పడుకోవడానికి నీ మంచం చాల్లేదా?”

“పాడుకుంట ఆంటీ. పరుపులుంటే సప్పుడు బయటికి రాదు.”

అదనపు పరుపులు, రజాయిలు, ఖాళీ అయిన మంచాల దిండ్లు అన్నీ కుక్కి పెట్టే గది అది. భక్తి పాటలేమో, పిల్ల బుద్ధిమంతురాలు అనుకుని తాళం ఇచ్చాను.

ఆ ఆదివారం నేను మెట్ల మీద ఉండగా పైనుంచి ఒక కేక వచ్చింది. ఎవరికో కరెంటు షాక్ కొట్టిందనుకున్నాను. మోకాళ్ల నొప్పి సంగతి మరిచిపోయి పరిగెత్తి తలుపు తోశాను. పరుపుల మధ్య ఈ పిల్ల, మెడలో గిటారు, చెవులకు హెడ్‌ఫోన్లు, ముందు మైకు.

“ఇది లేడీస్ హాస్టలా, పిచ్చాసుపత్రా? పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే పంజగుట్ట స్టేషన్‌కి నువ్వెళ్తావా, నేనెళ్లాలా?” అని మొదలుపెట్టి నోటికొచ్చినవన్నీ అనేశాను.

అంతా విని, ఆ హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు పెట్టింది. మొదట ఒక గిటారు, గుర్రం దౌడు తీస్తున్నట్టు. దాని మీద ఇంకో గిటారు. రెండూ ఒకే వరస పట్టుకుని, ఒకటి పైన ఒకటి కింద, అక్కాచెల్లెళ్లలా నడిచాయి. వెనక డ్రమ్ములు. ఆ పైన ఈ పిల్ల గొంతు. పెళ్లికి ముందు నేను వర్ణాల దాకా వయొలిన్ నేర్చుకున్నదాన్ని. నేను విన్నది ఉత్త కేక కాదు. తారస్థాయి షడ్జం మీదకు సూటిగా వెళ్లి నిలబడింది, ఇటూ జారలేదు, అటూ జారలేదు. తిట్టడానికి వెళ్లినదాన్ని పరుపుల మీద కూలబడ్డాను.

“దీన్నేమంటారే?”

“సంప్రదాయ హెవీ మెటల్ ఆంటీ.”

“చెవులు చిల్లులు పడేదాంట్లో సంప్రదాయం ఏంటే?”

“ఇప్పటోళ్లు శానమంది గొంతు నలిపి బొంగురుగ అరుస్తరు. మాట సుత తెల్వదు. గది వేరే. పాత పద్ధతిల రాగం ఉండాలె, మాట తెల్వాలె, గొంతు పైకి వోవాలె. నాకు గదే పానం.”

కిందకు వచ్చి మా ఆయనకూ వినిపించమన్నాను. పేపరు పక్కన పెట్టి విన్నారు, అదే పెద్ద వింత. విని, “బాగుందమ్మా. గిటారు వాయించిన కుర్రాడు ఎవరు?” అన్నారు. చంద్రిక మొహం తలుపు వేసినట్టు మూసుకుపోయింది. “నేనే అంకుల్” అని ఫోన్ తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత అడిగితే చెప్పింది. ఇంజినీరింగ్ కాలేజీలో నలుగురు అబ్బాయిలతో కలిసి బ్యాండ్ పెట్టిందట. పాటలు కట్టింది తను. పోస్టరు మీద మాత్రం వాళ్ల పేర్లు, కింద చిన్న అక్షరాల్లో ‘గాయని చంద్రిక’. చదువైపోగానే ఆ నలుగురూ ఉద్యోగాల్లో కలిసిపోయారు. ఈమె బాస్ గిటారు నేర్చుకుంది, డ్రమ్స్ నేర్చుకుంది, రికార్డు చేయడం నేర్చుకుంది. అన్నీ తానే చేసే ఒంటి మనిషి బ్యాండ్‌కి ‘సమ్మెట’ అని పేరు పెట్టుకుంది. అయినా ఎవరికి వినిపించినా అదే ప్రశ్న. గిటారు ఎవరు? డ్రమ్ములు ఎవరు? నీకు ఎవరు చేసిచ్చారు?

ఇంత పని ఒక్క మనిషి ఎలా చేసిందో నేను కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. డ్రమ్ములు ఎక్కడ పెడుతుంది పాపం, మా ఇంట్లో. రెండు కర్రలు పట్టుకుని నా పరుపులను బాదేది. అలా పరుపుల మీద చెయ్యి కుదిరాక, యూసుఫ్‌గూడలో బ్యాండ్లు సాధన చేసుకునే గది అద్దెకు తీసుకుని అసలు డ్రమ్ముల మీద వాయించి రికార్డు చేసుకొచ్చేది. ఒక పాటకు మొదట డ్రమ్ములు, దాని మీద బాస్, దాని మీద ఒక గిటారు, మళ్లీ జంట గిటారు, చివరికి గొంతు. ఒకటి తప్పితే మళ్లీ మొదటికి. నా రెండు పరుపులు చిరిగి పత్తి బయటికొచ్చింది. పోతే పోయాయి. ఇంకెవరైనా అయితే ఊరుకునేదాన్ని కాదు.

అందరి ప్రశ్నలూ ఒక ఎత్తు, వాళ్ల నాన్న ప్రశ్న ఒక ఎత్తు. రాజనర్సయ్య గారు తాపీ మేస్త్రీ. ఈ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు లేస్తున్న రోజుల్లో ఇక్కడే పనిచేశాడట. ఇప్పుడు కొడుకు దగ్గర ఊళ్లో ఉంటాడు. మోకాలు చూపించుకోవడానికి పంజగుట్ట పెద్దాసుపత్రికి వచ్చి, కూతుర్ని చూద్దామని మా డైనింగ్ హాల్లో కూర్చున్నాడు. మగవాళ్లకు అంతవరకే ప్రవేశం. చంద్రిక చిన్నపిల్లలా ఫోన్ తీసి ఒక పాట వినిపించింది.

“మంచిగున్నది బిడ్డా. గిటార్ గొట్టిన పోరడు ఎవలు?”

“నేనే బాపు.”

“సరె సరె. మిగిలినోళ్లు?”

“మిగిలినోళ్లు లేరు. అంత నేనే.”

ఆయన నవ్వాడు. చంటిపిల్ల ఏనుగును మోశానంటే నవ్వినట్టు. “ఒక్క మనిషి ఇల్లు గడ్తదా బిడ్డా? తాపీ పట్టెటోడు ఒకడు, సిమెంటు మాలు కలిపెటోడు ఒకడు, మోసెటోడు ఒకడు. పాట సుత గంతే గదా” అన్నాడు. అంతలో బామ్మర్ది ఓదెలు దగ్గర్నుంచి ఫోన్ వస్తే, మా ఎదుటే, “మా చంద్రి ఎవలో పోరగాండ్ల టీంల పాడుతుంది” అని గొప్పగా చెప్పాడు. ఆయన ప్రేమగానే అన్నాడు, అదే కదా బాధ.

ఆయన వెళ్లాక చంద్రిక అన్నం ముట్టలేదు. “ఆల్బమ్ మీద ఒక్కటే పేరు ఉండాలె ఆంటీ. ఇంకొకల చెయ్యి ఒక్కటి సుత పడొద్దు. గప్పుడు సూపిస్త బాపుకు” అంది. ఆ మాట మీద ఎంత గట్టిగా నిలబడిందంటే, ఒక పాటలో చప్పట్లు కావాల్సి వస్తే, నేను కొడతానే అన్నా ఒప్పుకోలేదు. పదిమంది చప్పట్లూ తనే పదిసార్లు కొట్టుకుని ఒకదాని మీద ఒకటి పేర్చింది.

ఎనిమిది పాటలు. ఆల్బమ్ పేరు ‘ఏకశిల’. జర్మనీలో క్యాసెట్లు వేసే చిన్న కంపెనీ ఒకటి విని, మేం వేస్తామంది. ఇప్పటికీ క్యాసెట్లు వినేవాళ్లు ఉన్నారట, ఎంత పిచ్చో చూడండి. ఏడు పాటలు పూర్తయ్యాయి. మిగిలింది చివరిది, ఆల్బమ్ పేరే దానిదీ. ఒక రాయి కొట్టే ఆడమనిషి ఒంటరిగా కోట కడుతుంది. “రాయి నేనే, ఉలి నేనే, దెబ్బ నేనే” అని పాడి, చివర ఒక్క పొడవాటి కేక. అంతవరకు ఆమె ఎప్పుడూ వెళ్లనంత పైకి. ఆ కేక లేకపోతే ఆ పాట లేదు.

సరిగ్గా అప్పుడే గొంతు మొండికేసింది. పొద్దున్న పాఠాలు, ఆదివారం పాటలు, అదేమైనా ఇనుమా? సోమాజిగూడలో గొంతు డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. స్వరతంతువుల మీద కాయలు కాస్తున్నాయి, ఇకనైనా నోరు మూసుకోకపోతే ఆపరేషనే, అన్నాడాయన. ఆ తర్వాత ఆ ఎత్తుకు గొంతు వెళ్తుందో లేదో చెప్పలేనన్నాడు. ఇన్‌స్టిట్యూట్‌లో సెలవు పెట్టింది. కొన్నాళ్లు మౌనంగా ఉండి, గొంతు కాస్త తేరుకున్నాక, “ఈ ఒక్క ఆదివారం ఆంటీ, తర్వాత మీరు చెప్పినట్టే ఇంట” అంది. నేను తిట్టాను. తర్వాత వేడినీళ్లు పెట్టిచ్చాను.

ఇక్కడ మా హాస్టల్ పద్ధతి ఒకటి చెప్పాలి. ఆదివారం చికెన్. వంట హనుమాండ్లుది, మంచివాడు, కానీ చెయ్యి బరువు. మిగతా రోజుల్లో అన్నానికి పిలవాలంటే కింద నిలబడి పళ్లెం మోగిస్తే చాలు. ఆదివారం పిల్లలు తలస్నానాలు, బట్టలు ఉతుక్కోవడం, ఫోన్లు. అందుకని పాత ఇత్తడి పళ్లెం, గరిటె పట్టుకుని అంతస్తు అంతస్తుకూ వెళ్లి మోగిస్తాడు. చంద్రిక పాడుతున్నప్పుడు మోగించకూడదని వాళ్లిద్దరి మధ్య ఒక గుర్తు ఉంది. పరుపుల గది ముందు ఆమె నీలం చెప్పులు ఉంటే లోపల పాట నడుస్తున్నట్టు. లేకపోతే మోగించుకోవచ్చు. ఎప్పుడూ తప్పలేదు.

ఆ ఆదివారం నేను మెట్ల దగ్గర కళ్లు మూసుకుని నిలబడి వింటున్నాను. పరుపులున్నా లీలగా వినబడుతుంది. పాట చివరికొచ్చింది. కేక లేచింది. వెళ్తోంది, ఇంకా వెళ్తోంది, ఇక ఆగిపోతుందేమో అనుకున్నచోట దాటి పైన నిలబడింది. దేవుడా ఈ ఒక్కసారి అనుకున్నాను. అప్పుడు సరిగ్గా ఆ గది తలుపు ముందు ఠంగ్, ఠంగ్, ఠంగ్ మని పళ్లెం మోగింది.

హనుమాండ్లు మీద నేను ఎంత ఎత్తున లేచానో మా వీధంతా విన్నది. వాడు గరిటె వీపు వెనక దాచుకుంటూ, “అమ్మా, చెప్పులు లెవ్వమ్మా. సూస్కొనే కొట్టిన. సెల్లె తినడానికి దిగిందనుకున్న” అంటాడు. చూస్తే నిజంగానే చెప్పులు లేవు. అవి డాబా మీదున్నాయి. పక్క గది పిల్ల బట్టలు ఆరేయడానికి వెళ్తూ, కాళ్లకు ఏవి దొరికితే అవి తగిలించుకుని వెళ్లిపోయింది. హాస్టల్లో చెప్పులకు సొంతదారు ఎవరుంటారు? ఇక ఎవర్ని తిట్టను నేను?

తలుపు తెరుచుకుంది. చంద్రికకు ఏమైనా అనడానికి గొంతు లేదు. చెమటతో ముద్దయి, చెయ్యి గొంతు మీద పెట్టుకుని నిలబడింది. మర్నాడు డాక్టరు ఆమెతో పాటు నన్నూ తిట్టి, నెల రోజులు గుసగుస కూడా వద్దన్నాడు. ఆ ఎత్తు పాట సంగతి ఇక మరిచిపొమ్మన్నాడు.

అంటే ఉన్నది ఆ ఒక్క కేకే. అందులో పళ్లెం. విడదీద్దామని కంప్యూటర్లో ఎంతో చూసింది. పళ్లెం తీస్తే గొంతు కూడా చెక్కుకుపోతోంది. పళ్లెం లేని పాత కేక ఇంకొకటి ఉంది, కిందటి నెలది. శుభ్రంగా ఉంది, కానీ పైకి వెళ్లకుండా మధ్యలోనే దిగిపోయింది. అది పెడితే ఆల్బమ్ మీద ఒక్క పేరు నిలుస్తుంది, పాట చస్తుంది. ఇది పెడితే పాట బతుకుతుంది, ఒక్క పేరు పోతుంది.

డైనింగ్ హాల్లో రోజూ వంటలు రాసే తెల్ల బోర్డు ఉంటుంది. మౌనంలో ఉన్న చంద్రిక దాని మీదే రాసి మాట్లాడేది. నేను నా తెలివి చూపించాను. “పిచ్చిమొహమా, పళ్లెం కూడా నువ్వే కొట్టానని చెప్పు. జర్మనీలో ఎవడికి తెలుస్తుంది? హనుమాండ్లు ఏమైనా కోర్టుకెళ్తాడా?”

హనుమాండ్లు వంటింటి గుమ్మంలోంచి, “అవు సెల్లె, నాకేంది, నీదే అని రాసుకో” అన్నాడు. వాడు తిండి తినడం మానేసి ఉన్నాడు అప్పటికి.

చంద్రిక దొండకాయ వేపుడు అన్న మాట కింద రాసింది: ‘నాకు తెలుస్తది.’

దాని కింద ఇంకో వాక్యం రాసింది: ‘గా కేక మల్ల రాదు. గదే పెడ్త.’

ఏళ్ల తరబడి ఒక్క పేరు కోసం చప్పట్లు కూడా తానే కొట్టుకున్న పిల్ల అలా రాసి, మార్కరుకు మూత పెట్టి, గదికి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గేమిటి. మా ఆయన పేపరు మడిచి, “హైమా, మనింట్లో ఎలాంటి మనిషి ఉందే” అన్నారు. పెళ్లయ్యాక ఆయన అన్న మంచి మాటల్లో అదొకటి.

శీతాకాలంలో జర్మనీ నుంచి పార్సెల్ వచ్చింది. నల్లటి అట్ట మీద ఒకే రాయి, దాని మీద సమ్మెట. లోపల మడత కాగితం మీద చంద్రిక వివరాలన్నీ తెలుగులోనే వేయించింది, పట్టుబట్టి. అదే సమయానికి రాజనర్సయ్య గారు మళ్లీ మోకాలు చూపించుకోవడానికి వచ్చాడు. మా ఆయన అటక మీంచి పాత టేప్ రికార్డర్ దించి, తడిగుడ్డ పెట్టి తుడిచారు. పిల్లలంతా డైనింగ్ హాల్లో చేరారు. చంద్రికకు మాట వచ్చింది కానీ గొంతు కాస్త బరువెక్కింది.

చివరి పాట పెట్టింది. పెద్దాయన తల ఊపుతూ విన్నాడు.

“గీ గిటార్ ఎవలు గొట్టిండ్రు బిడ్డా?”

“నేనే బాపు.”

“డ్రమ్ములు?”

“నేనే.”

మళ్లీ అదే నవ్వు. నాకు మండిపోయింది. నోటిదాకా వచ్చింది కానీ, మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. పాట చివరికొచ్చింది. కేక లేచింది. దాని మీద ఠంగ్, ఠంగ్, ఠంగ్. పెద్దాయన ఉలిక్కిపడి వంటింటి వైపు చూశాడు.

“గిదేంది, అన్నానికి పిలిచే సప్పుడు గదా? గది సుత నువ్వే గొట్టినవా?”

“లే బాపు. గది నేను గాదు, హనుమాండ్లన్న. కాయితం మీద రాసిన సూడు.”

ఆయన అద్దాలు పెట్టుకుని, వేలితో ఒక్కో అక్షరం వెంబడి వెళ్తూ పైకి చదివాడు. “మాటలు, గొంతు, గిటార్లు, బాస్, డ్రమ్ములు, చప్పట్లు: చంద్రిక. చివరి పాటలో పళ్లెం: హనుమాండ్లు.” చదివి, ఇంకోసారి చదివాడు. మొహం మీద నవ్వు మెల్లగా పోయింది.

“బిడ్డా, గీ అమీర్‌పేటల నేను కట్టిన గోడలు ఎన్నున్నయో నాకే యాదిలేదు. ఒక్క దాని మీద నా పేరు లేదు. పేరెప్పుడు పైసలు పెట్టినోనిదే” అన్నాడు. కాగితం జాగ్రత్తగా మడత పెట్టాడు. “మూడు దెబ్బలు కొట్టినోని పేరు సుత రాసినవ్. ఇంకెవలన్న చెయ్యేసి ఉంటె రాయకుంట ఉంటవా నువ్వు? అంటె మిగిలిందంత నీదే.”

“చెప్తనే ఉన్న గదా బాపు.”

“చెప్పినవ్ బిడ్డా. నేనే ఇనలే.”

చంద్రిక తల వంచుకుంది. ఆయన గరుకు చెయ్యి ఆమె నెత్తి మీద పెట్టి, రెండో చేత్తో ఫోన్ తీసి ఓదెలుకు కలిపాడు. హాలంతా వినబడేలా మాట్లాడాడు. గొంతు ఎవరి పోలికో నాకు అప్పుడు తెలిసింది.

“ఓదెలూ, నీకు గప్పుడు తప్పు చెప్పిన. టీం లేదు, ఏం లేదు. మాటలు, గొంతు, గిటార్లు, డ్రమ్ములు, అంత మా చంద్రినే. ఒక్కతే కట్టింది.”

వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ హనుమాండ్లు వైపు చూసి, ఫోన్లో మళ్లీ అన్నాడు.

“ఒక్క పళ్లెం తప్ప.”